ఖాళీ మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టమంటున్నారు: పాఠశాల కమిటీలో కొత్త సభ్యురాలిగా నేనేం చేయాలి?

ప్రశ్న: నాలుగో తరగతి విద్యార్థిని తల్లి, అనకాపల్లి జిల్లా

పెద్దలందరికీ నమస్కారం. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా జరిగిన పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికలలో, మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు నాలుగో తరగతి తల్లిదండ్రుల తరఫున ఎన్నికైన ముగ్గురిలో నేనూ ఒకరిని. ఎన్నిక అంటున్నాను గానీ పోటీ ఏమీ లేదు. వచ్చినవారిలో ఎవరో నా పేరు చెప్పారు, మిగిలినవారు చేతులెత్తారు. ఉదయం తరగతికి ముగ్గురు చొప్పున పదిహేను మంది ఎంపిక, మధ్యాహ్నం చైర్‌పర్సన్, వైస్ చైర్‌పర్సన్‌ల ఎన్నిక, వెంటనే ప్రమాణం, ఆ వెనుకే తొలి సమావేశం, అన్నీ ఒక్క రోజులో ముగిశాయి. ఇంటికి వచ్చాక మా అత్తగారు "ఇంతకీ నీ పని ఏమిటి?" అని అడిగితే నా దగ్గర సమాధానం లేకపోయింది.

పోయిన వారం ప్రధానోపాధ్యాయులు కబురు పెడితే బడికి వెళ్లాను. మినిట్స్ పుస్తకంలో, అంటే సమావేశాల తీర్మానాలు రాసే పుస్తకంలో, రెండు ఖాళీ పేజీల అడుగున అప్పటికే తొమ్మిది సంతకాలు ఉన్నాయి. నన్నూ పెట్టమన్నారు. "పైనుంచి ఎప్పుడు ఏ కాగితం అడుగుతారో తెలియదమ్మా, మిమ్మల్ని మాటిమాటికీ పని మాన్పించి పిలవలేక ముందే పెట్టించుకుంటున్నాను" అని ఆయన ఉన్న మాటే చెప్పారు. ఆయన మంచివారు. బడికి ఆలస్యంగా వచ్చిన రోజు నేను చూడలేదు, నా కూతురికి చదవడం వచ్చిందంటే అది ఆయన చలవే. అయినా ఆ ఖాళీ పేజీని చూసేసరికి నా చేయి ఆడలేదు. కళ్లజోడు తెచ్చుకోలేదని అబద్ధమాడి ఇంటికి వచ్చేశాను.

మా బడిలో పిల్లలు 62 మంది. ప్రధానోపాధ్యాయులతో కలిపి ఉపాధ్యాయులు ఇద్దరే. ఎనిమిది మంది మహిళా సభ్యులలో ముగ్గురి తరఫున భర్తలే వచ్చి కూర్చుంటున్నారు. నేను ఇంటర్మీడియట్ వరకు చదివి, ఇంటి దగ్గర కుట్టుపని చేసుకుంటున్నాను. ఆయన మనసు నొప్పించకుండా సంతకానికి కాదనడం ఎలా? కమిటీకి నిజంగా ఉన్న అధికారం ఎంత? ముందుగా వేటిని చూడాలి? "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని మావాళ్లు ఇప్పటికే అంటున్నారు. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, తూర్పు గోదావరి జిల్లా

అమ్మా, ముందు నా తప్పు ఒప్పుకుని తర్వాత మీకు సలహా చెబుతాను. ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టించుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక ఏడాది తనిఖీకి వచ్చిన అధికారి మా తీర్మానాల పుస్తకాన్నీ, బదిలీ ధ్రువపత్రాల రిజిస్టరునూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. సున్నం వేయించడానికి డబ్బు తీయాలన్న తీర్మానం మీద సంతకం ఉన్న ఒక తల్లి, ఆ తేదీకి నెల ముందే బిడ్డకు టీసీ తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయింది. సున్నం నిజంగానే వేయించాను, రసీదులూ ఉన్నాయి, అయినా ఆ ఒక్క సంతకం వల్ల నేను దొంగలా నిలబడవలసి వచ్చింది. కాబట్టి మీరు సంతకం పెట్టకపోవడం మిమ్మల్ని మాత్రమే కాదు, మీ మాస్టారినీ కాపాడుతుంది. ఆయనతో ఆ మాటే చెప్పండి.

ఆయన ఎందుకలా చేస్తున్నారో తెలిస్తే మీకు కోపం రాదు. 62 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వచ్చే పాఠశాల గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయలు (31 నుంచి 100 మంది వరకు అంతే), అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి ఖర్చు చేయాలి. ప్రాథమిక పాఠశాలకు క్రీడా సామగ్రి కింద మరో 5,000 రూపాయలు. బయటివారు అనుకుంటున్నట్టు ఈ డబ్బు ఇప్పుడు బడి ఖాతాలో కూర్చుని ఉండదు. 2021 తర్వాత వచ్చిన పద్ధతిలో, ఖాతాలో నిల్వ సున్నా, పైనుంచి ఇంత వరకు వాడుకోవచ్చని ఒక పరిమితి మాత్రం ఇస్తారు. మార్చి 31 లోపు వాడని పరిమితి ఆ ఏడాదికి పోయినట్టే. ఒక్కోసారి ఆ పరిమితి ఏడాది చివర్లో వచ్చి పడుతుంది. అప్పుడు తీర్మానం ఈ పూటకే కావాలి, సభ్యులేమో పొలాల్లోనో ఫ్యాక్టరీల్లోనో ఉంటారు. ఖాళీ సంతకాల అలవాటు చాలాచోట్ల ఇలా మొదలైందే తప్ప, ప్రతిచోటా దాని వెనుక దురుద్దేశం ఉండదు. దురుద్దేశం ఉన్నచోట కూడా పనికొచ్చేది ఆ అలవాటే అన్నది వేరే సంగతి.

దీనికి మందు ఒక్కటే. "మాస్టారూ, మినిట్స్ రాసే పని నాకివ్వండి, మీకు ఒక బరువు తగ్గుతుంది" అని అడగండి. ఇద్దరు ఉపాధ్యాయులతో ఐదు తరగతులు నడిపే మనిషి ఆ మాటకు కాదనడు. సమావేశం జరిగిన చోటే, అందరూ లేవకముందే రాయండి. తేదీ, సమయం, వచ్చినవారి పేర్లు, ఏ పనికి ఎంత డబ్బు, ఎవరు చేయిస్తారు, ఎప్పటిలోగా అన్నవి ఉంటే చాలు. చివరి వాక్యం కింద ఒక గీత గీసి, ఆ గీతకు ఆనుకునే సంతకాలు పెట్టించండి. మధ్యలో ఖాళీ ఉంచకండి. రాసినది అందరికీ ఒకసారి చదివి వినిపించండి, ఎందుకంటే మీ పదిహేను మందిలో చదువు రాని వారూ ఉంటారు. అత్యవసరంగా తీర్మానం కావలసి వస్తే అందుబాటులో ఉండే ఐదారుగురి ఫోన్ నంబర్లు ఆయనకు ఇచ్చి, ఎప్పుడు పిలిచినా వస్తామని మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోవడం మీ బాధ్యత.

ఇంకొక్క విషయం. మీ సంఖ్య 62 అని చదవగానే నా దృష్టి అక్కడే ఆగింది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వాలు పోస్టుల సర్దుబాటుకు వేసుకునే లెక్కలు వేరుగా ఉంటాయి కాబట్టి మీరు అడిగిన మరునాడే మూడో టీచరు వస్తారని ఆశ పెట్టను. కానీ మండల విద్యాశాఖాధికారికి పంపే తీర్మానం ఫైలులో ఒక కాగితమై ఉంటుంది, బదిలీల సమయంలో ఆ కాగితం మాట్లాడుతుంది. ముందు హాజరు పట్టీని చూసి ఆ 62 నిజమో కాదో తేల్చుకోండి.

జవాబు: ఇద్దరు పిల్లల తల్లి, నల్గొండ జిల్లా

అక్కా, మాస్టారు డబ్బు సంగతి చెప్పారు, నేను అన్నం సంగతి చెప్తాను. మా దగ్గర 2024 జనవరిలో జరిగిన ఎన్నికల్లో నేను రెండోసారి సభ్యురాలినయ్యాను. తర్వాత మా తెలంగాణలో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి, మరమ్మతుల పనులు ఎక్కువగా వాటి ద్వారానే నడుస్తున్నాయి. రెండు కమిటీలు ఒకే బడిలో ఉంటే ఎవరి మాట ఎక్కడి వరకు అన్న గొడవ మాకు ఉంది, మీకు అది లేదు. మధ్యాహ్న భోజనం మాత్రం ఎక్కడైనా ఒకటే.

మొదటిసారి సభ్యురాలినైనప్పుడు నేను వంటగదిలోకి వెళ్లి కూర నీళ్లలా ఉందని వంట చేసే ఆమె మీద అరిచాను. ఆమె ఏమీ మాట్లాడకుండా కిరాణా దుకాణం చిట్టా తెచ్చి నా చేతిలో పెట్టింది. బిల్లులు మూడు నెలలుగా రాలేదు, ఆమె పప్పూ నూనే అప్పు మీద తెచ్చి వండుతోంది. ఆ రోజు నాకు సిగ్గేసింది. అప్పటి నుంచి ఏ సమావేశంలోనైనా మొదటి అంశం వంట బిల్లులు ఏ నెల వరకు వచ్చాయన్నదే. రాకపోతే ఎన్ని నెలలు, ఎంత మొత్తం అని తీర్మానంలో రాసి మండల కార్యాలయానికి పంపుతాం. నోటితో చెప్పినప్పుడు కదలనిది, పదిహేను సంతకాలతో వెళ్లినప్పుడు కొంత కదిలింది.

బియ్యం లెక్క చాలా తేలిక. ప్రాథమిక తరగతులకు పిల్లకు రోజుకు 100 గ్రాములు. మీ బడిలో 51 మంది వచ్చిన రోజు 5 కిలోల 100 గ్రాములు కాటా మీదికి రావాలి. ముందుగా చెప్పకుండా నెలకు రెండు రోజులు వెళ్లి, ఉదయం హాజరు ఎంత రాశారో, బియ్యం ఎంత తూచారో, పళ్లెం ముందు ఎందరు కూర్చున్నారో, ఈ మూడూ మీ సొంత నోటు పుస్తకంలో రాసుకోండి. ఎవరినీ ఏమీ అడగకండి. మూడు నెలలు రాస్తే అడగవలసినది ఉందో లేదో ఆ పుస్తకమే చెబుతుంది. వడ్డించే ముందు రుచి చూడడం ఉపాధ్యాయులతో పాటు తల్లిదండ్రుల పని కూడా, కాబట్టి మీరు తిని చూస్తామంటే ఎవరూ ఆపకూడదు. పిల్లలతో పాటు నేల మీద కూర్చుని తినండి, విడిగా గిన్నెలో పెట్టి ఇస్తే ఒప్పుకోకండి. పైన తేరిన కూరకూ, అడుగున మిగిలిన కూరకూ తేడా అప్పుడే తెలుస్తుంది.

భర్తలు వచ్చి కూర్చోవడం గురించి అడిగారు. మా ఊళ్లోనూ అంతే ఉండేది. మేం వాళ్లతో పోట్లాడలేదు. సమావేశం ఉదయం పదకొండుకు పెడితే కూలికి వెళ్లిన ఆడవాళ్లు ఎలా వస్తారు? బడి వదిలే వేళకు, పిల్లలను తీసుకెళ్లడానికి తల్లులు గేటు దగ్గరికి వచ్చే సమయానికి మార్చాం. సగం మంది తల్లులు వాళ్లంతట వాళ్లే లోపలికి వచ్చారు. మిగిలిన భర్తలకు కుర్చీ వేశాం, టీ ఇచ్చాం, పుస్తకం మాత్రం ఇవ్వలేదు. ఎన్నికైన మనిషి సంతకమే తీసుకుంటామని చెబితే రెండు సమావేశాల తర్వాత వాళ్లకే విసుగొచ్చింది.

జవాబు: ఒక తండ్రి, న్యూజెర్సీ

నేను ఇక్కడి పాఠశాల బోర్డులో మూడేళ్ల పదవీకాలానికి ఎన్నికై, ఒక ఏడాది పూర్తి చేశాను. జీతం ఉండదు. చేరిన కొత్తలో ప్రతి సభ్యుడూ శిక్షణ తీసుకోవాలి, రాష్ట్ర చట్టంలో ఉన్న నైతిక నియమావళికి కట్టుబడాలి. ఆ నియమావళిలో నాకు బాగా పట్టుకున్న అంశం, సభ్యుడి బాధ్యత బడిని తానే నడపడం కాదని, తోటి సభ్యులతో కలిసి అది సరిగా నడిచేలా చూడడమని చెప్పేది. మొదటి మూడు నెలలు నేను దానికి విరుద్ధంగానే ప్రవర్తించాను. ఎవరో తల్లి సూపర్ మార్కెట్‌లో ఆపి ఫలానా టీచరు గురించి చెబితే, నేరుగా ఆ బడికి ఫోన్ చేశాను. ఒక సభ్యుడికి ఒంటరిగా ఏ అధికారమూ లేదనీ, సమావేశంలో కూర్చుని ఓటు వేసినప్పుడే మా మాటకు బలమనీ తోటి సభ్యురాలు ఒకరు మర్యాదగా గుర్తు చేశారు. సోదరి గారికి కూడా ఇది పనికొస్తుందని అనుకుంటున్నాను. గేటు దగ్గర విన్న ఫిర్యాదును గేటు దగ్గరే తీర్చబోకండి, సమావేశంలోకి తీసుకెళ్లండి.

జవాబు: న్యాయవాది, గుంటూరు

న్యూజెర్సీ సోదరుడు చెప్పిన చివరి మాటతో ఏకీభవిస్తాను. పోలిక మాత్రం జాగ్రత్తగా చేయాలి. అక్కడి బోర్డు బడ్జెట్ ఆమోదిస్తుంది, అక్కడి బడులన్నిటికీ పైఅధికారి అయిన సూపరింటెండెంటును నియమిస్తుంది, స్థానిక ఆస్తి పన్నులో వాటా దాని వెనుక ఉంటుంది. మన కమిటీకి ఉపాధ్యాయులను నియమించే అధికారమూ లేదు, బదిలీ చేసే అధికారమూ లేదు. అందుకే మన దగ్గర కొత్త సభ్యులు రెండు రకాల పొరపాట్లు చేస్తారు. కొందరు తమకు ఏ అధికారమూ లేదనుకుని సంతకం పెట్టి వెళ్లిపోతారు, కొందరు తనిఖీ అధికారుల్లా తరగతి గదిలోకి దూరి పిల్లల ముందే టీచరును నిలదీస్తారు. రెండో రకం వారి వల్ల మొదటి రకం వారిని ప్రధానోపాధ్యాయులు ఇష్టపడడం మొదలైంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్ చదవండి, పట్టుమని పేజీ కూడా ఉండదు. సభ్యులలో కనీసం ముప్పాతిక వంతు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. పాఠశాల పనితీరును పర్యవేక్షించడం, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేసి సిఫారసు చేయడం, ప్రభుత్వం నుంచి గానీ మరే ఇతర మార్గంలో గానీ వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం మీ విధులని అక్కడ స్పష్టంగా ఉంది. "మరే ఇతర మార్గం" అన్న మాటను గుర్తుంచుకోండి. ఊరి దాత ఇచ్చిన ఫ్యాన్లూ, పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బూ దాని కిందికే వస్తాయి. ప్రభుత్వ పాఠశాల కాబట్టి మీకు ఈ అధికారాలు పూర్తిగా ఉన్నాయి. ఎయిడెడ్ పాఠశాలల (ప్రభుత్వ సాయం పొందే ప్రైవేటు బడుల) కమిటీలు మాత్రం 2012 సవరణ తర్వాత సలహాకే పరిమితం.

అభివృద్ధి ప్రణాళికను చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మీ చేతిలో ఉన్న అసలైన పనిముట్టు అదే. కేంద్రం 2010లో చేసిన నియమాల ప్రకారం కమిటీ ఏర్పడిన ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే మీ విషయంలో డిసెంబరు చివరికి, మూడేళ్ల ప్రణాళిక సిద్ధం కావాలి. తరగతి వారీగా ఏ ఏటికి ఎందరు పిల్లలుంటారు, ఎందరు టీచర్లు అదనంగా కావాలి, గదులూ మరుగుదొడ్లూ ఏం కావాలి, వాటికి ఎంత ఖర్చవుతుంది అన్నవే అందులో ఉండవలసినవి. పిల్లల లెక్కకు అంగన్‌వాడీ కార్యకర్తను అడగండి. వచ్చే ఏడాది ఒకటో తరగతికి ఎందరు వస్తారో ఆమె రిజిస్టరులో ఉంటుంది, పైగా ఆమె మీ కమిటీలో హోదా రీత్యా సభ్యురాలు కూడా.

ఆ నియమాల్లోనే ఉపాధ్యాయులపై బోధనేతర పనుల భారం పడకుండా చూడడం కూడా కమిటీ పనిగా ఉంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మిగతా బోధనేతర పనులకు టీచర్లను వాడుకోకూడదని 27వ సెక్షన్ అంటోంది. మీ మాస్టారి తరఫున ఆ తీర్మానం ఒక్కటి చేసి చూడండి, మిమ్మల్ని అనుమానంతో చూసే అవకాశమే ఉండదు.

సంతకం విషయంలో నాది ఒకే మాట. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, ఖాళీ పేజీ మీద పదిహేను సంతకాలుంటే, రేపు దాని మీద ఏం రాసినా పదిహేను మందీ ఒప్పుకుని రాసినట్టే చదువుతారు. నేను అక్కడ లేనని తర్వాత రుజువు చేసుకోవడం మీ వల్ల కాదు.

ప్రశ్న అడిగిన తల్లి తిరిగి రాసినది

అందరికీ కృతజ్ఞతలు. శనివారం బడి వదిలాక సమావేశం పెట్టించాం. విశ్రాంత మాస్టారు సూచించినట్టే మినిట్స్ నేను రాస్తానని ముందుగా వెళ్లి మా ప్రధానోపాధ్యాయులను అడిగాను. ఆయన కాసేపు నా వైపు చూసి, "కళ్లజోడు దొరికిందా అమ్మా?" అన్నారు. అబద్ధం తెలిసిపోయిందని నాకు అర్థమైంది, ఇద్దరం నవ్వేశాం. ఆ రెండు పేజీలనూ అడ్డంగా కొట్టి, రద్దు చేసినట్టు రాసి, ఆయనే సంతకం పెట్టారు. పేజీలకు నంబర్లు ఉన్నందున చింపలేదు. పదకొండు మంది వచ్చారు, అందులో ఆరుగురు తల్లులు. వంట ఆమెకు ఒక నెల బిల్లు రావాలని తేలింది, తీర్మానంలో రాశాం.

కానీ ఒక చిక్కు వచ్చిపడింది. మూడో టీచరు కోసం తీర్మానం రాద్దామని హాజరు పట్టీ తెప్పించి చదివాం. పేర్లు 62 ఉన్నాయి, కానీ నెల రోజులుగా ఐదుగురి పేర్ల ఎదురుగా ఒక్క హాజరూ లేదు. ఇద్దరు పట్నంలోని ప్రైవేటు బడికి వెళ్తున్నారు, టీసీ తీసుకోలేదు. ఒక బాబు అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాడు. అన్నదమ్ములు ఇద్దరి సంగతి ఎవరికీ సరిగా తెలియదు. ఐదుగురినీ తీసేస్తే 57 అవుతారు, అప్పుడు ఇద్దరు టీచర్లే చాలంటారు. "పేర్లు ఉండనిద్దాం, రాసి పంపేద్దాం" అని కొందరన్నారు. నేను రాయలేకపోయాను. తీర్మానాన్ని వాయిదా వేశాం. నేను చేసింది పొరపాటా?

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

పొరపాటు కాదమ్మా. 62 అని రాసి పంపి ఉంటే, విచారణకు వచ్చిన మనిషి మొదట లెక్కపెట్టేది బెంచీల మీద కూర్చున్న పిల్లలనే. ప్రైవేటు బడికి వెళ్తున్న ఇద్దరి తల్లిదండ్రులతో మాట్లాడి, తిరిగి పంపుతారో టీసీ తీసుకుంటారో తేల్చుకోండి. అమ్మమ్మగారి ఊళ్లో ఉన్న బాబు అక్కడి బడికి వెళ్తున్నాడేమో ఫోన్ చేసి కనుక్కోండి. అసలు ఆలోచించవలసింది ఆ అన్నదమ్ముల గురించే. వాళ్లు ఏ బడిలోనూ లేకపోతే, వాళ్లను వెతికి తేవడం టీచరు పోస్టు కంటే ముందు మీ కమిటీ చేయవలసిన పని. మీ ఊళ్లో అసలు బడిలోనే చేరని పిల్లలు ఉన్నారేమో కూడా ఆ దారిలోనే చూడండి. మా ఊళ్లో అలా తిరిగినప్పుడు నలుగురు దొరికారు.

ప్రశ్న అడిగిన తల్లి

సరే మాస్టారూ. ఆ అన్నదమ్ముల ఇల్లు చెరువు అవతల పాకల్లో ఉందని అంగన్‌వాడీ టీచరు చెప్పారు. రేపు ఆదివారం ఆవిడ, నేను, మూడో తరగతి సభ్యురాలు కలిసి వెళ్తున్నాం. మా ప్రధానోపాధ్యాయులు కూడా వస్తానన్నారు.